అలాయ్ వీల్స్ వెడల్పు, ఆఫ్‌సెట్ లెక్క: కారు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

బయట మార్కెట్లో అలాయ్ వీల్స్ కొనేవారు ముందుగా డిజైన్ చూస్తారు, తరువాత ఎన్ని అంగుళాలో అడుగుతారు, చివరికి నట్ల రంధ్రాలు తమ బండికి కుదురుతాయో లేదో కనుక్కుంటారు. రిమ్ము వెడల్పు ఎంత, ఆఫ్‌సెట్ (రిమ్ము బండి లోపలికో బయటకో ఎంత జరిగి కూర్చుంటుందో చెప్పే అంకె) ఎంత అని అడిగేవారు తక్కువ. బిగించిన తరువాత వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం ఆ రెండు అంకెల దగ్గరే మొదలవుతుంది కాబట్టి ఈ పేజీలో ప్రధానంగా వాటి గురించే రాస్తున్నాను. లెక్క పదో తరగతి స్థాయిని దాటదు. కాగితం, పెన్ను, టేపు ఉంటే చాలు.

నట్ల రంధ్రాలు సరిపోయి రిమ్ము హబ్బుకు (బండికి ఉండే, చక్రాన్ని బిగించే నడిమి భాగానికి) బిగిసిపోతే ఇంకా లెక్క ఎందుకు?

బిగియడం వేరు, తిరగడం వేరు. చక్రం తిరిగే చోటు మనం అనుకునేదానికంటే ఇరుకైనది: లోపలి వైపు షాకబ్జార్బర్ స్ట్రట్టు, బ్రేకు గొట్టం, లింకు రాడ్లు ఉంటాయి, బయటి వైపు మడ్‌గార్డు అంచు, దాని లోపల ప్లాస్టిక్ లైనర్ ఉంటాయి. షాపులో జాకీ మీద ఎత్తి ఉన్న బండికి స్ప్రింగులు పూర్తిగా సాగి ఉంటాయి కాబట్టి దాదాపు ఏ రిమ్ము బిగించినా చక్రం చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతుంది. బండి నేల మీదికి దిగి, మనుషులు ఎక్కి, స్టీరింగు చివరికంటా తిరిగి, చక్రం గుంతలో పడి పైకి ఎగసినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

నాకు తెలిసింది కూడా అలాగే. నా పాత హ్యాచ్‌బ్యాక్‌కు 16 అంగుళాల, 7జే (7 అంగుళాల) వెడల్పున్న, ఈటీ (ఆఫ్‌సెట్) 35 రిమ్ములు వేయించాను. 'అందరూ ఇవే వేయించుకుంటున్నారు సార్, ఏమీ కాదు' అన్నారు షాపులో. నెల తిరగకుండా నలుగురం ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా వేసుకుని ఊరి నుంచి వస్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా వెనక ఎడమ చక్రం బర్రుమంది. దిగి చూస్తే టైరు భుజం చుట్టూ గోరుతో గీసినట్టు సన్నని గీత, మడ్‌గార్డు అంచు లోపల రంగు లేచిపోయి మెరుస్తున్న ఇనుము కనిపించాయి. కొనే ముందు ఐదు నిమిషాలు లెక్క వేసి ఉంటే ఆ రిమ్ములను సగం ధరకు అమ్ముకోవలసి వచ్చేది కాదు. ఆ లెక్క కింద చేసి చూపిస్తాను.

రిమ్ము మీద పోత పోసిన అంకెలను ఎలా చదవాలి?

రిమ్మును వెనక్కి తిప్పితే స్పోకుల వెనక భాగంలోనో, నడుమ హబ్బు ఆనే చోట చుట్టూనో అంకెలు కనిపిస్తాయి. ఉదాహరణకు 15×5.5జే, ఈటీ 45, 4×100 అని ఉందనుకోండి. 15 అంటే టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, అంగుళాలలో. 5.5 అంటే వెడల్పు, అదీ అంగుళాలలోనే. జే అనే అక్షరం వెడల్పుకు ప్రమాణం అని చాలామంది పొరపడతారు. నిజానికి అది రిమ్ము అంచు ఏ ఆకారంలో ఉందో చెప్పే గుర్తు. ఈటీ 45 అంటే ఆఫ్‌సెట్ 45 మిల్లీమీటర్లు. ఈటీ అనేది 'ఐన్‌ప్రెస్‌టీఫె' అనే జర్మన్ మాటకు పొడి రూపం. 4×100 అంటే నాలుగు నట్లు, వాటి కేంద్రాల గుండా గీసిన వృత్తం వ్యాసం 100 మి.మీ.; దీన్నే షాపుల్లో పీసీడీ అంటారు. హెచ్2 అని కూడా ఉంటే, ట్యూబ్‌లెస్ టైరు అంచు లోపలికి జారిపోకుండా రిమ్ముకు రెండు వైపులా ఉబ్బెత్తు గట్లు ఉన్నాయని అర్థం.

వ్యాసం, వెడల్పు అంగుళాల్లోను, ఆఫ్‌సెట్ మిల్లీమీటర్లలోను ఉండటం వల్లనే సగం గందరగోళం పుడుతుంది. అంగుళానికి 25.4 మి.మీ. అన్నది ఒక్కటి గుర్తుంటే చాలు.

వెడల్పును ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తారు?

టైరు అంచులు ఆనే రెండు లోపలి గోడల మధ్య దూరమే రిమ్ము వెడల్పు. టేపు పెట్టి బయటి అంచు నుంచి బయటి అంచు దాకా కొలిస్తే సుమారు ఒక అంగుళం ఎక్కువ వస్తుంది, ఎందుకంటే రెండు వైపులా అంచు మందం ఉంటుంది. 5.5జే రిమ్మును కొలిచి ఆరున్నర అంగుళాలు వచ్చిందని కంగారు పడనవసరం లేదు.

ఆఫ్‌సెట్ అంటే ఖచ్చితంగా ఏమిటి? ప్లస్, మైనస్ ఎందుకు?

రిమ్ము వెడల్పును సరిగ్గా సగానికి చీల్చే ఒక గీతను ఊహించుకోండి. రిమ్ము హబ్బుకు ఆనే ముఖం ఆ గీత మీదే ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. ఆ ముఖం గీతకు వీధి వైపు జరిగి ఉంటే ప్లస్. అప్పుడు రిమ్ములో ఎక్కువ భాగం బండి కిందకు, లోపలికి పోతుంది. ముఖం ఇంజను వైపు జరిగి ఉంటే మైనస్. అప్పుడు రిమ్ము బయటకు పొడుచుకు వస్తుంది, బయటి నుంచి చూస్తే లోతైన గిన్నెలా కనిపిస్తుంది. కాబట్టి ఈటీ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటకు, పెరిగేకొద్దీ లోపలికి జరుగుతుంది. దీన్ని తిరగేసి గుర్తు పెట్టుకున్నవారే మార్కెట్లో ఎక్కువగా కనిపిస్తారు, అమ్మేవారితో సహా.

ఒక బండికి 45, ఇంకో బండికి 5 ఎందుకు ఉంటుంది? ఏది మంచిది?

మంచీ చెడూ రిమ్ములో లేదు, అది బిగించే బండిలో ఉంది. ముందు చక్రాలతో నడిచే మామూలు కార్లలో స్ట్రట్టు, బ్రేకు, డ్రైవ్ షాఫ్టు కీలు అన్నీ చక్రం గుంటలోకి చొచ్చుకుని ఉండేలా రూపొందిస్తారు కాబట్టి వాటి ఆఫ్‌సెట్ చాలావరకు 35 నుంచి 50 మధ్య ఉంటుంది. 2006 నుంచి మన దగ్గర అమ్ముడైన హోండా సివిక్ 16 అంగుళాల రిమ్ము 6.5జే, ఈటీ 45. అదే 2023లో మన మార్కెట్లోకి వచ్చిన మారుతి సుజుకి జిమ్నీని చూడండి: 15×5.5జే, ఈటీ 5, ఐదు నట్లు, పీసీడీ 139.7. దాని కింద నిచ్చెన లాంటి ఛాసిస్, ముందూ వెనకా రెండు చక్రాలనూ కలిపే బలమైన ఒకే ముక్క యాక్సిల్ ఉంటాయి. హబ్బే బయటికి ఉంటుంది. జిమ్నీకి 45 ఆఫ్‌సెట్ రిమ్ము దొరికి బిగించారనుకుంటే చక్రం 40 మి.మీ. లోపలికి పోయి సస్పెన్షన్‌కు తగులుతుంది. హ్యాచ్‌బ్యాక్‌కు 5 ఆఫ్‌సెట్ పెడితే అదే 40 మి.మీ. బయటకు వచ్చి మడ్‌గార్డు దాటిపోతుంది. 'ఫలానా ఆఫ్‌సెట్ బాగుంటుంది' అని బండి పేరు చెప్పకుండా ఎవరైనా సలహా ఇస్తే దాన్ని పట్టించుకోవద్దు.

అసలు లెక్క ఎలా వేయాలి?

హబ్బు ముఖాన్ని సున్నాగా తీసుకుని, అక్కడి నుంచి రిమ్ము లోపలికి ఎంత పోయింది, బయటకు ఎంత వచ్చింది అన్న రెండు దూరాలు కడితే పని అయిపోతుంది.

లోపలి దూరం = (వెడల్పు × 25.4 ÷ 2) + ఈటీ
బయటి దూరం = (వెడల్పు × 25.4 ÷ 2) − ఈటీ

పాత రిమ్ముకు ఒకసారి, కొత్త రిమ్ముకు ఒకసారి కట్టి, తేడా చూడాలి. బండితో వచ్చిన రిమ్ము 5.5జే, ఈటీ 45 అనుకుందాం. సగం వెడల్పు 69.85 మి.మీ.; లోపలి దూరం 114.85, బయటి దూరం 24.85. నేను వేయించిన 7జే, ఈటీ 35 రిమ్ముకు సగం వెడల్పు 88.9, లోపలి దూరం 123.9, బయటి దూరం 53.9. అంటే రిమ్ము లోపలికి 9 మి.మీ. దగ్గరైంది, బయటకు మాత్రం 29 మి.మీ. వచ్చేసింది. మూడు సెంటీమీటర్లకు ఒక్క మిల్లీమీటరు తక్కువ! వెనక మడ్‌గార్డుకు అంత చోటు లేదని ఆ రోజే తెలియవలసింది.

దశాంశాలు ఎందుకనుకునేవారికి నోటి లెక్క ఒకటి ఉంది. వెడల్పులో పెరిగిన ప్రతి అర అంగుళానికి ఇటు 6, అటు 6 మి.మీ. చొప్పున పెరుగుతుంది, ఆపైన ఈటీ ఎంత తగ్గితే అంత బయటి వైపు కలిపి, అంతే లోపలి వైపు తీసివేయాలి. చాలామంది ఈ రెండో సగం మాత్రమే చూస్తారు. 'నా పాతది 45, కొత్తదీ 45, ఇంకేం తేడా ఉంటుంది' అనుకుని 7జే తెస్తారు. ఈటీ మారకపోయినా ఒక్కో వైపు 19 మి.మీ. పెరిగిందని గమనించరు.

చివరికి నేను స్థిరపడింది 16×6.5జే, ఈటీ 42 దగ్గర. పాతదానితో పోలిస్తే రిమ్ము బయటకు 15.7, లోపలికి 9.7 మి.మీ. పెరిగింది. బియ్యం బస్తాతో, నలుగురితో మళ్లీ అదే దారిలో వచ్చాను, చప్పుడు లేదు.

రిమ్ము లెక్క సరే, టైరు వెడల్పును ఎక్కడ కలపాలి?

మంచి ప్రశ్న, ఎందుకంటే తగిలేది చాలాసార్లు రిమ్ము అంచు కాదు, టైరు పక్క గోడో భుజమో. 195 అని రాసి ఉన్న టైరు అన్ని రిముల మీదా 195 మి.మీ. ఉండదు. ప్రతి టైరు సైజుకూ దాని వెడల్పును కొలవడానికి నిర్ణయించిన ఒక రిమ్ము వెడల్పు ఉంటుంది; అంతకంటే అర అంగుళం వెడల్పైన రిమ్ము మీద ఎక్కిస్తే టైరు సుమారు 5 మి.మీ. విచ్చుకుంటుంది, అర అంగుళం సన్నని రిమ్ము మీద అంతే ముడుచుకుంటుంది. 195/55 ఆర్16 (వెడల్పు 195 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు) టైరును కొలిచే రిమ్ము 6 అంగుళాలు, కాబట్టి 6.5జే మీద అది దాదాపు 200 మి.మీ. అవుతుంది. పాత 185/65 ఆర్15 టైరు 5.5జే మీద 185 దగ్గరే ఉంటుంది. రెండింటి సగాల మధ్య తేడా 7.5 మి.మీ.; ఈటీ తగ్గిన 3 కలిపితే టైరు బయటకు వచ్చింది పదిన్నర, లోపలికి పోయింది నాలుగున్నర. రిమ్ము లెక్కలో వచ్చిన 15.7తో పోలిస్తే ఇది తక్కువే. అయినా రెండు లెక్కలూ వేసుకుని పెద్ద అంకెను నమ్ముకోవడం నా అలవాటు, ఎందుకంటే టైరు కంపెనీ మారితే అదే సైజులోనూ పక్క గోడ కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది.

పాత రిమ్ము మీద ఈటీ అంకె లేదు, లేదా అరిగిపోయింది. ఎలా కొలవాలి?

టైరు లేని రిమ్ము అయితే సులువు. రిమ్మును ముఖం కిందకు ఉండేలా పాత దుప్పటి మీద బోర్లించి, వెనక అంచుల మీద అడ్డంగా ఒక తిన్నని కర్రనో ఇనుప స్కేలునో పెట్టాలి. దాని నుంచి హబ్బు ఆనే ముఖం దాకా లోతు కొలవాలి. తరువాత రిమ్ము మొత్తం వెడల్పును బయటి అంచు నుంచి బయటి అంచు దాకా కొలిచి సగం చేసి, ఆ లోతులోంచి తీసివేస్తే వచ్చేదే ఈటీ. లోతు 127.5, మొత్తం వెడల్పు 165 అనుకుంటే సగం 82.5, మిగిలింది 45. తీసివేతకు మైనస్ వస్తే ఆఫ్‌సెట్ మైనసే. టైరు ఎక్కి ఉన్నప్పుడు కర్ర టైరు మీద ఆనుతుంది కాబట్టి, కర్ర నుంచి రిమ్ము అంచు దాకా ఉన్న సందును విడిగా కొలిచి లోతులోంచి తగ్గించుకోవాలి.

నా కారులో ఎంత ఖాళీ ఉందో ఎలా తెలుసుకోవాలి?

ఈ పనికి అరగంట పడుతుంది. ఎవరూ చేయని పని కూడా ఇదే. బండిని చదునైన నేల మీద, పాత చక్రాలతోనే నిలపండి.

బయటి వైపు కోసం ఒక దారానికి నట్టు కట్టి, చక్రం నడిమధ్యకు ఎదురుగా ఉండేలా మడ్‌గార్డు అంచు నుంచి వేలాడదీయండి. దారానికీ టైరు ఉబ్బుకూ మధ్య ఎంత ఉందో, దారానికీ రిమ్ము అంచుకూ మధ్య ఎంత ఉందో రెండూ రాసుకోండి. నాలుగు చక్రాలకూ చూడాలి. ఎడమకూ కుడికీ నాలుగైదు మిల్లీమీటర్ల తేడా ఉండటం మామూలే.

లోపలి వైపు కోసం పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టిని ఉండ చేసి స్ట్రట్టుకు, టైరుకు దగ్గరగా వచ్చే చోట అతికించి, చక్రాన్ని చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. మట్టి నలిగి మిగిలిన మందమే అక్కడి ఖాళీ. దాన్ని స్కేలుతో కొలవవచ్చు. స్టీరింగును కుడికి చివరికంటా, ఎడమకు చివరికంటా తిప్పి, లైనర్, ఛాసిస్ దగ్గర కూడా ఇదే పని చేయండి. మన కార్లలో ఎక్కువగా ఉండే మెక్‌ఫర్సన్ రకం ముందు సస్పెన్షన్‌లో స్ట్రట్టు గొట్టం చక్రం పట్టుకునే నకిల్‌కే బిగించి ఉంటుంది కాబట్టి, స్టీరింగు తిప్పినా చక్రం ఎగసినా ఆ రెండింటి మధ్య సందు మారదు. అందువల్ల అక్కడ లెక్క వేశాక ఐదారు మిల్లీమీటర్లు మిగిలితే నాకు చాలు అనిపిస్తుంది. లైనర్, మడ్‌గార్డు, బ్రేకు గొట్టం దగ్గర సందు మాత్రం బండి కదలికతో మారుతూనే ఉంటుంది.

చివరి పరీక్ష బరువుతో. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, డిక్కీలో సామాను వేసి, వెనక టైరు పై భాగానికీ మడ్‌గార్డు అంచుకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. చాలా హ్యాచ్‌బ్యాక్‌లకు వెనక రెండు చక్రాలనూ కలిపే ట్విస్ట్ బీమ్ ఉంటుంది. రెండు చక్రాలూ ఒకేసారి పైకి వెళ్లినప్పుడు అవి లోపలికి వాలవు, నిట్టనిలువుగానే లేస్తాయి. బరువు వేసినప్పుడు ముందుగా రాసుకునేది వెనక టైర్లే కావడానికి అదే కారణం.

ఎంత తేడా వరకు ఫర్వాలేదు?

బండిని బట్టి మారేదానికి ఒకే అంకె చెప్పడం కష్టం. మామూలు హ్యాచ్‌బ్యాక్, సెడాన్‌ల విషయంలో నా అభిప్రాయం ఇది: బయటి వైపు టైరు 10 నుంచి 12 మి.మీ. వరకు వచ్చే మార్పు సాధారణంగా ఇబ్బంది పెట్టదు, 20 దాటితే కొలవకుండా కొనడం జూదం. లోపలి వైపు ముందే కొలిచిన ఖాళీ మీద ఆధారపడాలి.

ఆఫ్‌సెట్ తగ్గిస్తే బండి రోడ్డును గట్టిగా పట్టుకుంటుందని అంటారు. నిజమేనా?

కొంత నిజం. ఈటీ 10 తగ్గితే ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 20 మి.మీ. పెరుగుతుంది, మలుపుల్లో బండి ఒరగడం కాస్త తగ్గినట్టు అనిపించవచ్చు. దానికి కట్టే మూల్యం కూడా ఉంది. స్టీరింగు తిరిగే ఇరుసు రేఖను నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటుకూ, టైరు నేలను తాకే నడిబిందువుకూ మధ్య ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. ఈటీ ఒక మిల్లీమీటరు తగ్గితే ఈ బిందువు ఒక మిల్లీమీటరు బయటకు జరుగుతుంది. కార్ల కంపెనీలు దీన్ని ఆచితూచి నిర్ణయిస్తాయి. ఎక్కువగా జరిపితే రోడ్డు మీది గాడులు స్టీరింగును లాగడం, ఒక చక్రం గుంతలో పడితే చేతికి కుదుపు తగలడం, ఒక వైపు తడి, ఒక వైపు పొడి ఉన్నచోట బ్రేకు వేస్తే బండి పక్కకు గుంజడం మొదలవుతాయి. చక్రం బేరింగు మీద కూడా మీట పొడవు పెరిగి అరుగుదల త్వరగా వస్తుంది. పార్కింగులో స్టీరింగు బరువెక్కిందని చెప్పేవారిని ముందు ఈటీ ఎంత అని అడుగుతాను.

నా టైరును ఎంత వెడల్పు రిమ్ము మీద ఎక్కించవచ్చు?

ప్రతి టైరు సైజుకూ అనుమతించిన కనిష్ఠ, గరిష్ఠ రిమ్ము వెడల్పులు ఉంటాయి. మన దేశంలో ఇండియన్ టైర్ టెక్నికల్ అడ్వైజరీ కమిటీ, ఐరోపాలో దానికి సాటి సంస్థ వీటి పట్టికలను ప్రచురిస్తాయి. టైరు కంపెనీల జాబితాల్లోనూ ఇవి దొరుకుతాయి. 185/65 ఆర్15కు 5 నుంచి 6.5 అంగుళాలు, 195/55 ఆర్16కు 5.5 నుంచి 7, 205/55 ఆర్16కు 5.5 నుంచి 7.5. ఈ హద్దుల్లో చివరి అంకెకు పోవడం కన్నా నడుమ ఉండటం మేలు. వెడల్పైన రిమ్ము మీద సన్నని టైరును సాగదీసి ఎక్కిస్తే రిమ్ము అంచుకు కాపలా ఉండే రబ్బరు వెనక్కి పోతుంది. మన ఊళ్ల గుంతల్లో మొదటి దెబ్బ నేరుగా అల్యూమినియానికే తగులుతుంది.

రిమ్ము పెద్దదైతే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా?

రిమ్ము వ్యాసంతో కాదు, టైరుతో కలిపిన మొత్తం వ్యాసంతోనే దానికి పని. 185/65 ఆర్15 మొత్తం వ్యాసం 621.5 మి.మీ.; 195/55 ఆర్16 వ్యాసం 620.9. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. అదే 205/55 ఆర్16 వేస్తే 631.9 వస్తుంది, అంటే సుమారు 1.7 శాతం ఎక్కువ. మీటరు 100 చూపినప్పుడు బండి మునుపటికంటే అంత శాతం వేగంగా పోతుంటుంది, పైగా చక్రం గుంటలో చుట్టూ 5 మి.మీ. ఖాళీ తగ్గుతుంది. తేడాను 3 శాతం లోపల ఉంచడం వాడుకలో ఉన్న పద్ధతి.

స్పేసర్ పెట్టి ఆఫ్‌సెట్ సరిచేసుకోవచ్చా?

హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్లే స్పేసర్. 5 మి.మీ. స్పేసర్ పెడితే ఈటీ 45 రిమ్ము ఈటీ 40లా ప్రవర్తిస్తుంది, లెక్క అంతే. ప్రమాదం నట్టు పట్టు దగ్గర ఉంది. స్పేసర్ మందం మేరకు స్టడ్డు (హబ్బు నుంచి పొడుచుకు వచ్చే, నట్టు ఎక్కే బోల్టు) మర నట్టులోకి తక్కువగా పోతుంది. కనీసం స్టడ్డు వ్యాసమంత పొడవు మర పట్టాలన్నది పాత సూత్రం. ఎం12×1.5 మరకు (12 మి.మీ. వ్యాసం, ఒక్కో చుట్టుకు 1.5 మి.మీ.) అది ఎనిమిది పూర్తి చుట్లు, సుజుకి వాడే ఎం12×1.25 మరకు దాదాపు పది. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. తక్కువ వస్తే స్పేసర్ తీసేయండి, లేదా పొడవైన స్టడ్లు వేయించండి. హబ్బు గుండ్రని అంచు స్పేసర్‌లో మునిగిపోయి రిమ్ముకు ఆనుకోకపోతే నడుమ నిలిపే ఆధారం కూడా పోతుంది. అసలు సరైన ఈటీ ఉన్న రిమ్ము దొరుకుతున్నప్పుడు స్పేసర్ ఎందుకన్నది నా ప్రశ్న. లోపలికి ఎక్కువగా పోయిన రిమ్మును స్పేసర్‌తో బయటకు తేవచ్చు కానీ, బయటకు వచ్చిన రిమ్మును లోపలికి నెట్టే సాధనం లేదు.

పీసీడీ కొంచెం తేడా ఉన్నా పడుతుందంటున్నారు. వేయించుకోవచ్చా?

వద్దు. ఫియట్ పుంటో, లీనియాలది 4×98. మారుతి స్విఫ్ట్, హ్యుందాయ్ ఐ20, హోండా సిటీ లాంటివి 4×100. రెండు మిల్లీమీటర్లే కాబట్టి నట్లు వంకరగా పోయి బిగుస్తాయి, బిగిసినట్టే కనిపిస్తాయి, దారిలో వదులవుతాయి. ఐదు నట్ల రిమ్ముల్లో 112కూ 114.3కూ ఇదే గొడవ. ఐదు నట్ల పీసీడీ కొలవాలంటే పక్కపక్కన ఉన్న రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని 1.701తో హెచ్చవేయండి, 67.2 మి.మీ. వస్తే అది 114.3.

నడిమి రంధ్రం కూడా చూసుకోవాలి. స్విఫ్ట్, ఐ20ల హబ్బు 54.1 మి.మీ., క్రెటాది 67.1. బయటి రిమ్ములను అన్ని బండ్లకూ పట్టేలా 73.1 వంటి పెద్ద రంధ్రంతో చేస్తారు. ఆ సందును నింపే ప్లాస్టిక్ లేదా అల్యూమినియం హబ్ రింగులను తప్పక వేయించుకోండి. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా 80 కిలోమీటర్ల వేగం దాటాక స్టీరింగు వణుకుతోందంటే చాలాసార్లు ఈ రింగు లేకపోవడమే కారణం.

పాత నట్లే వాడవచ్చా?

నట్టు కూర్చునే ఆకారం కలిస్తేనే. బయటి అలాయ్‌లకు ఎక్కువగా 60 డిగ్రీల శంకువు ఆకారపు నట్లు కావాలి. హోండా సొంత రిమ్ములకు గుండ్రని అడుగున్న నట్లు వస్తాయి. రెండూ కలిపితే ఆనేది ఒక సన్నని గీత మీదే. నూరు కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. ఎంత బిగించాలో బండి పుస్తకంలో ఉంటుంది.

లెక్క అంతా కుదిరినా బ్రేకుకు తగులుతోంది. ఎందుకు?

వెడల్పు, ఆఫ్‌సెట్ రిమ్ము అంచులు ఎక్కడ ఉంటాయో చెబుతాయి గాని, స్పోకు వెనక ఎంత గుంట ఉందో చెప్పవు. ఒకే సైజు, ఒకే ఈటీ ఉన్న రెండు డిజైన్లలో ఒకటి కాలిపర్‌ను (బ్రేకు డిస్కును నొక్కి పట్టే భాగాన్ని) దాటిపోతుంది, రెండోది గీసుకుంటుంది. దీనికి ఒకటే మార్గం: టైరు ఎక్కించక ముందే ఒక రిమ్మును ముందు హబ్బుకు బిగించి తిప్పి చూడమని అడగండి. టైరు ఎక్కించాక వెనక్కి తీసుకోమంటే ఏ షాపువారూ ఒప్పుకోరు.

బరువు మోసే సామర్థ్యం ఎక్కడ చూడాలి?

అదీ రిమ్ము వెనకే కిలోల్లో పోత పోసి ఉంటుంది. బండి పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠ యాక్సిల్ బరువులో సగం కంటే అది తక్కువ ఉండకూడదు. జపాన్ ప్రమాణమైన జేడబ్ల్యూఎల్ గుర్తు కూడా చూడండి. ఏ గుర్తూ, ఏ బరువూ లేని రిమ్మును ధర ఎంత తక్కువైనా నేను కొనను.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించినదానికి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు భిన్నంగా అయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. బండి కంపెనీ తన ఇతర వేరియంట్లకు ఇచ్చే టైరు, రిమ్ము సైజుల్లో ఉండటం అన్నిటికంటే నిశ్చింత. మడ్‌గార్డు దాటి బయటకు వచ్చిన చక్రం ఎవరి కంటికైనా వెంటనే కనబడుతుంది. బీమా కంపెనీకి మార్పును రాతపూర్వకంగా తెలియజేయడం మరిచిపోవద్దు.

స్టెప్నీ పాతదే ఉంచవచ్చా?

మొత్తం వ్యాసం దగ్గరగా ఉంటే పంక్చర్ షాపు దాకా పోవడానికి పనికివస్తుంది. ఒక చిక్కు ఉంది: కొత్త అలాయ్ నట్లు పాత ఇనుప రిమ్ముకు సరిగ్గా కూర్చోకపోవచ్చు. అందుకే పాత నట్లు నాలుగు ఒక గుడ్డ సంచిలో కట్టి, జాకీ పక్కనే పెట్టుకోండి.